గోదావరి డెల్టా వీధుల్లో సైకిల్: గోతులు, ఇసుక, ముళ్ళు దాటుకుంటూ వెళ్ళడం ఎలా?

సైకిల్ నేర్పేటప్పుడు పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట "వారగా పో" అని. నేనూ చాలా ఏళ్ళు వారగానే తొక్కాను. ధవళేశ్వరం నుంచి రాజమండ్రికి రోజూ సైకిల్ మీద పనికి వెళ్ళొస్తూ పదకొండేళ్ళలో నాలుగుసార్లు పడ్డాను. అందులో మూడుసార్లు రోడ్డు వారనే పడ్డాను. ఇసుక, గాజుపెంకులు, కంకర, మేకులు చేరేది అక్కడే. లారీలు, కార్ల చక్రాలు తిరిగే దారి దానంతట అదే శుభ్రమైపోతుంది, అక్కడి చెత్తంతా చిమ్ముకుంటూ పోయి అంచున పడుతుంది. మనం ఆ అంచునే పట్టుకుని తొక్కుతాం.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ అంచుని వదిలి ఎలా తొక్కాలన్నదాని గురించే. సైకిల్ తయారీ, గాలి, పంక్చర్ సంగతులు కూడా వరసగా చెబుతాను.

ముందు రోడ్డుని అర్థం చేసుకోండి

కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసింది 1852లో. అప్పట్నుంచి డెల్టా అంతా కాలువలే. మన రోడ్లలో చాలావరకు ఆ కాలువ గట్ల మీదో, గట్ల పక్కనో వేసినవి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను, కింద బంకమట్టి. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి బీటలిస్తుంది. పైన తారు దాంతోపాటు చీలుతుంది. ఆ చీలికలోంచి నీళ్ళు దిగుతాయి, బరువు లారీ వెళ్ళినప్పుడల్లా ఆ నీళ్ళు కింద కంకరని కదిలిస్తాయి, నాలుగు వానలకి గొయ్యి తయారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కారణం తెలిస్తే గొయ్యి ఎక్కడ ఉంటుందో ముందే ఊహించవచ్చు. పూడ్చినా మళ్ళీ అక్కడే పడుతుంది. కుళాయి పైపు కారే చోట, బస్టాపు ముందు నీళ్ళు నిలిచే చోట, స్పీడ్ బ్రేకర్ దిగిన వెంటనే చూసుకోండి. కల్వర్టుకి రెండు వైపులా కూడా జాగ్రత్త. కల్వర్టు కుంగదు, దాని పక్క మట్టి కుంగుతుంది, అందుకని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక మెట్టు తగులుతుంది. మీరు రోజూ వెళ్ళే దారిలో ఇలాంటి చోట్లు పది పదిహేను ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, నెమ్మదిగా తొక్కుతూ వాటిని గుర్తు పెట్టుకోండి. వానాకాలంలో నీళ్ళు నిండాక మీకు దారి చూపేది ఆ జ్ఞాపకమే.

చెత్తకి కూడా ఒక క్యాలెండర్ ఉంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా (తొలి పంట వరి) కోతలు, ఏప్రిల్ నుంచి దాళ్వా (రెండో పంట వరి) కోతలు. అప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, బరకాలు ఎగరకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. ధాన్యం ఎత్తేశాక కొన్ని రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. రాత్రిపూట అవి కనపడవు. ఎండాకాలంలో భీమవరం వైపు చేపల చెరువుల మట్టి, కడియం వైపు నర్సరీల మట్టి ట్రాక్టర్ల మీంచి ముద్దలు ముద్దలుగా జారి పడుతుంది. ఇసుక లారీలకైతే దాదాపు ఏడాది పొడుగునా సీజనే.

పండగలవి వేరు. అమావాస్య మర్నాడు దుకాణాల ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ గుజ్జు మీద చక్రం పడితే అరటితొక్క మీద కాలేసినట్టే. భోగి మర్నాడైతే ఇంకా జాగ్రత్త. మంటలో వేసిన పాత కుర్చీలు, తలుపు చెక్కలు కాలిపోతాయి కానీ వాటి మేకులు కాలవు. బూడిదలో పైకి కనపడకుండా ఉంటాయి. భోగి వెళ్ళిన వారం రోజులు వీధి మధ్య నల్లటి మచ్చ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళండి.

సైకిల్ ఎలా ఉండాలి

కొత్త సైకిల్ కొనక్కర్లేదు. టైరు వెడల్పు సరిచూసుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. 700×23, 700×25 సన్న టైర్లు (రెండో అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో) మన వీధులకి పనికిరావు, అవి నున్నటి హైవేకి. ఆ సైజు చక్రాలున్నవాళ్ళు ఫ్రేములో ఖాళీ ఉంటే 32కో, వీలైతే 35కో మారండి. 26 అంగుళాల చక్రాలకి 1.95 అంగుళాల వెడల్పు బాగుంటుంది. గుబ్బలు గుబ్బలుగా ఉండే టైర్లు పుంత దారిలో బురదకి బాగుంటాయి కానీ తారు మీద బరువుగా లాగుతాయి. సన్న గీతలున్న టైరు ఊళ్ళో తిరగడానికి హాయి. నాన్నగారి కాలం నాటి 28×1½ సైకిల్ ఉంటే దాన్ని తీసిపారేయకండి, ఆ పెద్ద చక్రం చిన్న గోతుల్ని లెక్కచెయ్యదు.

సస్పెన్షన్ ఫోర్కు కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దని నా సలహా. చవక సైకిళ్ళలో అది బరువు పెంచుతుంది, రెండు వానాకాలాలకి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఆ డబ్బుతో మంచి టైర్లు, మంచి బ్రేకు రబ్బర్లు వస్తాయి.

నెలకోసారి చక్రం పైకెత్తి తిప్పి చూడండి. వంకర తిరుగుతుంటే పుల్లలు (స్పోకులు) వదులయ్యాయని అర్థం. పుల్లల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కుతూ పోతే వదులుది వెంటనే తెలుస్తుంది. బెండు తీయించడానికి ఆలస్యం చేస్తే తర్వాత పుల్ల తెగుతుంది. ఇంకొకటి, మడ్‌గార్డులు తప్పనిసరి. మొహం మీద బురద పడితే కళ్ళు మూసుకుంటాం, గోతుల మధ్య అది ప్రమాదం.

గాలి: అందరూ తప్పు చేసేది ఇక్కడే

టైరు రాయిలా ఉండేదాకా గాలి కొట్టించడం మనకి అలవాటు. గట్టిగా ఉంటే తేలిగ్గా నడుస్తుందనుకుంటాం. నున్నటి రోడ్డు మీద అది కొంత నిజం. గతుకుల మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు పోతుంది, మణికట్లు నొప్పెడతాయి. మరీ తక్కువైతే ఇంకో బాధ. గొయ్యి అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా.

నేను 72 కిలోలుంటాను. 26×1.95 టైర్లలో ముందు 40, వెనక 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టుకుంటాను. బరువు ఎక్కువ పడేది వెనక చక్రం మీద కాబట్టి దానికి కొంచెం ఎక్కువ. 700×35 అయితే ముందు 55, వెనక 60 నుంచి మొదలుపెట్టి మీ బరువుని బట్టి మార్చుకోండి. టైరు పక్కన అచ్చేసిన కనీస, గరిష్ఠ పీఎస్ఐ అంకెల మధ్యలోనే ఉండాలి. వెనక క్యారేజీ మీద పిల్లల్నో బియ్యం బస్తానో వేసుకుంటే ఇంకో అయిదు పెంచండి. గేజీ ఉన్న పంపు ఇంట్లో పెట్టుకుంటే మంచిది. వారానికోసారి చూసుకోండి, వాల్వు రబ్బరు ఉన్న పాత రకం ట్యూబులైతే రెండుసార్లు.

ఎక్కడ తొక్కాలి

తారు అంచు నుంచి సుమారు మీటరు లోపలికి రండి. ఆటోల, కార్ల ఎడమ చక్రం వెళ్ళే గీత అది. దాని మీద రోడ్డు గట్టిపడి, శుభ్రంగా ఉంటుంది. గొయ్యి వస్తే ఎడమకి తప్పుకోవడానికి చోటు ఉంటుంది. అంచున ఉంటే తప్పుకోవడానికి కుడివైపే దిక్కు, అంటే లారీ కిందికి. ఆగి ఉన్న కారు తలుపు ఠక్కున తెరుచుకున్నా ఆ మీటరే కాపాడుతుంది.

మొదట్లో వెనకనుంచి హారన్లు కొడతారు. టెన్షన్ పడొద్దు, తూలకుండా తిన్నగా వెళ్ళండి. వెనకున్నవాడికి మీరు ఎటు వెళ్తారో తెలిస్తే చుట్టూ తిరిగి వెళ్ళిపోతాడు. రాజమండ్రి దేవీచౌక్ లాంటి రద్దీ చోట నేను గమనించింది ఇదే, మెలికలు తిరుగుతూ పోయేవాళ్ళనే జనం గుద్దుతారు. రోడ్డు వెడల్పుగా ఉండి, వెనక బస్సో లారీయో వచ్చినప్పుడు, ముందు అంచు శుభ్రంగా ఉందని చూసుకుని దారివ్వండి, మళ్ళీ మీ గీత మీదకి రండి. జాతీయ రహదారి 16 మీదైతే సంగతి వేరు, అక్కడి వేగానికి తెల్లగీత ఎడమ పక్క షోల్డరే మన చోటు. లారీ టైరు పేలినప్పుడు రాలే సన్నటి ఇనుప తీగ ముక్కలు అక్కడే ఎక్కువ, కాబట్టి పంక్చర్ సామాను లేకుండా హైవే ఎక్కకండి.

కళ్ళు ఎక్కడ ఉండాలి

గంటకి 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 5 మీటర్లు. ముందు చక్రం కిందే చూస్తుంటే గొయ్యి కనిపించేసరికి దాంట్లో ఉంటారు. 10 నుంచి 15 మీటర్ల ముందుకి చూడండి, రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. గొయ్యి కనిపించాక దాన్నే చూస్తూ ఉండిపోవద్దు, చూసిన వైపుకే సైకిల్ పోతుంది. పక్కన వెళ్ళాల్సిన జాగాని చూడండి.

ముందున్న బండికి దగ్గరగా వెళ్తే రోడ్డు కనపడదు. ఎడం ఉంచి దాని చక్రాల్ని గమనించండి. ఆటో ఒక్కసారి ఊగిందంటే అక్కడ ఏదో ఉంది.

రైసు మిల్లుల దగ్గర ఊక, బూడిద, సాయంత్రం చెరువుల దగ్గర పురుగులు కళ్ళలో పడతాయి. పవర్ లేని తెల్ల అద్దాల కళ్ళజోడు ఒకటి పెట్టుకోండి.

ఏది ఎదురైతే ఏం చెయ్యాలి

తప్పించలేని గొయ్యి: దానికి ముందే బ్రేకు వేసి వేగం తగ్గించండి, గొయ్యిలోకి దిగేటప్పుడు బ్రేకు వదిలేయండి. పెడళ్ళు రెండూ నేలకి సమానంగా పెట్టి, సీటు మీంచి రెండంగుళాలు పైకి లేవండి. మోకాళ్ళు, మోచేతులు వదులుగా ఉండాలి. హ్యాండిల్ని బిగించి పట్టుకోవద్దు. దెబ్బ చేతులు కాళ్ళు తీసుకుంటాయి, చక్రం మీద బరువు తగ్గుతుంది, రిమ్ము బతుకుతుంది.

ఇసుక మేట: ఇసుకలోకి వెళ్ళాక ముందు బ్రేకు ముట్టుకోకండి, హ్యాండిల్ తిప్పకండి. మలుపులో ఇసుక కనిపిస్తే మలుపు మొదలుకాకముందే నెమ్మదించి, సైకిల్ని వాల్చకుండా నిటారుగా తిప్పండి. బరువు కొంచెం వెనక్కి వేసి నిదానంగా తొక్కుతూనే ఉండాలి, ఆపేస్తే చక్రం కూరుకుంటుంది. ఆరబోసిన ధాన్యం కూడా అంతే, గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. పైగా అది రైతు కష్టం, దాని మీంచి తొక్కకండి, దిగి నడిపించండి. గడ్డి పరకలు చైన్లో చుట్టుకుంటే వెంటనే ఆగి తీసేయండి. గేరు సైకిళ్ళలో అది వెనక గేరు చేతిని విరిచేస్తుంది కూడా.

తడిసిన నల్లమట్టి సబ్బు. దాని మీద బ్రేకూ వద్దు, మలుపూ వద్దు. ఇనుప మూతలు, రోడ్డు మీద తెల్ల పెయింటు తడిస్తే అవీ అంతే.

రైలు పట్టాలని అడ్డంగా, లంబంగా దాటాలి. రోడ్డు ఏటవాలుగా పట్టాల్ని దాటుతుంటే ముందే వెనక చూసుకుని, కాస్త పక్కకి జరిగి, చక్రం పట్టాకి ఎదురుగా వచ్చేలా తిప్పండి. చక్రం పట్టా పక్క సందులో పడిందంటే పడిపోవడం ఖాయం. మురుగు కాలువ మీది ఇనుప జల్లెడల చువ్వలు రోడ్డు పొడుగునా ఉంటే అదే ప్రమాదం. 1974 నుంచి నడుస్తున్న మన రోడ్డు కమ్ రైలు వంతెన మీద కొవ్వూరు వైపు వెళ్ళేటప్పుడు అడ్డంగా వచ్చే అతుకుల్ని తిన్నగా, సీటు మీంచి కొద్దిగా లేచి దాటండి.

ఇక తారు అంచు. డెల్టాలో ఎక్కువమందిని పడేసేది ఇదేనని నా నమ్మకం, కానీ దీని గురించి ఎవరూ చెప్పరు. వానలకి మార్జిన్ మట్టి కొట్టుకుపోయి తారుకీ మట్టికీ మధ్య మూడు నాలుగు అంగుళాల మెట్టు మిగులుతుంది. ఒక కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే నేను మట్టిలోకి దిగాను. అది దాటగానే మళ్ళీ తారు ఎక్కాలని హ్యాండిల్ కొద్దిగా కుడికి తిప్పాను. ముందు చక్రం ఎక్కలేదు, ఆ మెట్టుని రాసుకుంటూ తిన్నగా పోయింది. నా బరువు మాత్రం అప్పటికే కుడికి వాలింది. కింద పడ్డాక చూస్తే మోచేయి తారు మీద, కాళ్ళు మట్టిలో ఉన్నాయి. వెనకే ఏదైనా వస్తూ ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను.

దీనికి మందు సులువే. మట్టిలోకి దిగితే వెంటనే ఎక్కే ప్రయత్నం చెయ్యొద్దు. వేగం తగ్గించి అలాగే తిన్నగా వెళ్ళండి. మెట్టు తగ్గిన చోటు వచ్చాక వెనక చూసుకుని, ముందు కొంచెం ఎడమకి జరిగి, అప్పుడు బాగా అడ్డంగా తిరిగి ఎక్కండి. మెట్టు రెండంగుళాలు దాటితే దిగి సైకిల్ని ఎత్తి పెట్టండి. పిల్లలకి ఇది ఖాళీ మైదానంలో ఒక చెక్క పలక పెట్టి చేసి చూపించండి, మాటలతో చెబితే ఎక్కదు.

వానలో, చీకట్లో

నీళ్ళు నిండిన గొయ్యి లోతు ఎవరికీ తెలియదు. పొడిగా ఉన్నప్పుడు చూసిన గొయ్యి అయితేనే దిగండి. వీధంతా నీళ్ళు నిలిస్తే మ్యాన్‌హోలు మూత ఉందో లేదో, డ్రైను ఎక్కడ మొదలవుతుందో కనపడదు, కాబట్టి రోడ్డు మధ్యకి వచ్చి, దిగి నడిపించుకుంటూ వెళ్ళడమే మేలు. రిమ్ము బ్రేకులకి తడిలో మొదటి రెండు మూడు చుట్లు నీళ్ళు తుడవడానికే సరిపోతాయి. ముందే మెల్లగా నొక్కి ఉంచండి.

రాత్రి ముందు లైటుని హ్యాండిల్ మీద కన్నా కొంచెం కిందగా, ఫోర్కు దగ్గర బిగించి చూడండి. కాంతి నేల మీద పక్కనుంచి పడితే గోతులకీ రాళ్ళకీ పొడుగు నీడలు వస్తాయి, దూరంనుంచే తెలుస్తాయి. వెనక ఎర్ర లైటు లేకుండా గట్టు రోడ్డు ఎక్కొద్దు. చాలాచోట్ల కాలువ వైపు రెయిలింగు ఉండదు. అలాంటి చోట ఎదురు లైట్లు కళ్ళలో పడితే కాలు కింద పెట్టి ఆగిపోండి.

పంక్చర్ పడితే

సీటు కింద సంచీలో ఒక ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు టైరు లివర్లు, చిన్న పంపు, చక్రం నట్లకి సరిపోయే స్పానరు, పాత టైరు ముక్క ఒకటి ఉండాలి. మూత తీసిన సొల్యూషన్ కొన్ని నెలలకి ఎండిపోతుంది, అవసరం రాకముందే నొక్కి చూసుకోండి.

చిల్లు చిన్నదైతే చక్రం ఊడదీయక్కర్లేదు. టైరుని ఒక పక్కే లివర్లతో తీసి ట్యూబు బయటికి లాగండి. ట్యూబు ఏ పక్క ఏ వైపుకి ఉందో గుర్తు పెట్టుకోండి, అది తర్వాత పనికొస్తుంది. కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే సన్న గాలి తగులుతుంది. తగలకపోతే మనకి పక్కనే కాలువ ఉంది, నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. చిల్లు చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, నలుపు మెరుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దండి. సొల్యూషన్ పల్చగా, ప్యాచీ కన్నా కొంచెం వెడల్పుగా రాసి అయిదు నిమిషాలు ఆగండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. తడి మెరుపు పోయి, వేలికి అంటనప్పుడే ప్యాచీ వేసి బొటనవేలితో గట్టిగా నొక్కాలి.

ఆ తర్వాతి పనిని మరిచిపోతే పది నిమిషాల్లో మళ్ళీ పంక్చర్. గుచ్చుకున్నది టైరులోనే ఉండవచ్చు. ట్యూబుని టైరు పక్కన పెట్టి, వాల్వు నుంచి చిల్లు ఎంత దూరమో కొలిస్తే టైరులో ముల్లు ఉన్న చోటు దొరుకుతుంది. ఒక గుడ్డ ముక్కని టైరు లోపల చుట్టూ తిప్పండి, పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడుంది. పల్లేరు ముల్లయితే లోపల తెల్లటి చుక్కలా కనిపిస్తుంది, సర్కారు తుమ్మ ముల్లయితే లోపలే విరిగి ఉంటుంది, బయటినుంచి నొక్కి గోళ్ళతో లాగాలి. టైరే కోసుకుపోతే లోపల ఆ పాత టైరు ముక్కని అడ్డం పెట్టండి. సైకిల్ షాపుల్లో దాన్ని గేటర్ అంటారు.

ట్యూబుకి కొంచెం గాలి పట్టించి, వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిసేలా టైరుని చేతులతో ఎక్కించండి. చివర్లో లివర్ వాడితే ట్యూబు నలుగుతుంది.

గొయ్యి ఎవరిది?

ఫిర్యాదు చేసేముందు రోడ్డు ఎవరిదో కనుక్కోండి. వీధులు మున్సిపాలిటీవి, ఊరి నుంచి ఊరికి వెళ్ళేవి చాలావరకు ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) వో పంచాయతీరాజ్ వో, కాలువ గట్లు జలవనరుల శాఖవి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయవచ్చు. ఊళ్ళో అయితే వార్డు సచివాలయంలోనో, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో రాసిచ్చి రసీదు తీసుకోండి. ఫొటోలో గొయ్యి పక్కన సైకిల్ నిలబెడితే లోతు తెలుస్తుంది, వెనక ఏదైనా దుకాణం బోర్డు కనిపిస్తే చోటు తెలుస్తుంది. ధాన్యం రాయి, విరిగిన సీసా లాంటివాటికి ఫిర్యాదు ఎందుకు, ఆగి పక్కకి తీసేయండి. మీ వెనక బడికి వెళ్ళే పిల్లలు వస్తుంటారు.

ఇంటికొచ్చాక

తడిసిన రోజు చైను పొడిగుడ్డతో తుడిచి నాలుగు చుక్కల నూనె వేయండి, ఎక్కువైన నూనె మళ్ళీ తుడిచేయండి, లేకపోతే ఇసుకని పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు వరండా లైటు కింద సైకిల్ తలకిందులు చేసి, టైరుని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. గాజుపెంకులు మొదటిరోజే ట్యూబుదాకా దిగవు. చక్రం తిరిగిన కొద్దీ లోపలికి వెళ్తాయి. పాత సూదితో వాటిని పైకి లేపి తీసేయవచ్చు. మొన్న మంగళవారం నా వెనక టైరులోంచి మూడు గాజుముక్కలు, ఒక తీగ ముక్క వచ్చాయి. ట్యూబుకి ఇంకా ఏమీ కాలేదు.